మూడు మూరల సందు

వేములవాడ,
ఆగస్టు 3.

పరుపుల దుకాణం రహీమ్ గారికి, గోడ అవతలి కైలాసం నమస్కరించి రాయునది.

మనమిద్దరం నోటితో మాట్లాడుకోకూడదని, ఏమున్నా కాగితం మీదే పెట్టుకోవాలని పందొమ్మిదేళ్ల కింద పెద్దమనుషులు తీర్మానించారు. నడిబజారులో మనం అరుచుకున్న అరుపులకు గుడికి వచ్చిన భక్తులు దారి మళ్లించుకొని పోయారు కాబట్టి వాళ్లను తప్పుపట్టను. నేను ఆ తీర్మానం ఇప్పటిదాకా తప్పలేదు. ఈ ఉత్తరం కూడా ఎప్పటిలాగే పాల శంకరవ్వ చేతికి ఇస్తున్నాను. నా భార్య నర్మద పోయిన ఎనిమిది నెలల్లో మీకు రాయడం ఇదే మొదలు. రాయాలనిపించలేదు.

ఇప్పుడు అవసరం పడింది. మా సాగర్ కరీంనగర్‌లో ఇల్లు తీసుకున్నాడు. "బాపూ, ఒక్కనివి గాడ ఏం జేస్తవ్, ఇల్లు అమ్మి మా దగ్గరికి రా" అంటున్నాడు. కొనే మనిషి కూడా దొరికాడు. భక్తులకు అద్దెగదులు కట్టించాలని అతని ఆలోచన. కానీ మీ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఉన్న మూడు మూరల సందు ఎవరిదో తేలేదాకా సంతకం పెట్టనంటున్నాడు. నలభై ఏళ్ల గెట్టు పంచాయితీ అని ఎవరో ముందే చెవిలో వేశారు.

నిన్న మధ్యాహ్నం వాన సన్నగా పడుతుంటే అరుగు మీద కునుకు తీశాను. మా బాపు బాలమల్లు కలలోకి వచ్చాడు. తెల్లధోతి కట్టుకున్నాడు. చేతిలో గడ్డపార ఉంది. సందు నిండా మోకాళ్ల దాకా మంచు పరుచుకొని ఉంది. మంచు కాదేమో, మీ దుకాణం దూదేమో. బాపు ఆ తెల్లదనంలో నీళ్లలో నడిచినట్టు మెల్లగా నడిచిపోయి, మీ గోడకు ఆనుకొని ఉన్న బట్టలుతికే బండ మీద గడ్డపారతో రెండుసార్లు తట్టి, "హద్దురాయి గీడ ఉన్నది బిడ్డా" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. ఇంతలో వాన పెద్దదైంది, నేను లేచాను.

కాబట్టి ఆ బండ తీసి తవ్వడానికి మీకు వీలైన రోజు తెలుపగలరు.

ఇట్లు,
కైలాసం.

తా.క.: మీ దూది మొన్న గోడ దాటి వచ్చి మా పచ్చిపులుసులో పడింది. అది ఉల్లిగడ్డ కాదని మూడు ముద్దలు తిన్నాక తెలిసింది.

*

వేములవాడ,
ఆగస్టు 5.

కైలాసమన్నకు రహీమ్ సలాం.

నీ ఉత్తరం అందింది. మీరు, గారు అని రాశావంటే గట్టి కోపంలోనే ఉన్నావు. నాకు మాత్రం నువ్వు అని తప్ప రాయడానికి చెయ్యి రాదు, ఏమనుకోకు.

మీ బాపు వచ్చాడని రాశావు. వచ్చే ఉంటాడు. ఎందుకంటే అదే మధ్యాహ్నం నేను దుకాణంలో ఒక పరుపు మీద ఒరిగితే మా అబ్బా హుస్సేన్ సాబ్ నా కలలోకి వచ్చాడు. ఇద్దరూ ఒకే వానకు బయలుదేరినట్టున్నారు. అబ్బా మొహం చిట్లించుకొని, "అరే బేటా, గీ బాలమల్లు నా కాలు తొక్కుతుండు, జర పక్కకు జరగుమను" అన్నాడు. చూద్దును కదా, నిజంగానే మీ బాపు గడ్డపార పట్టుకొని మా అబ్బా కాలి మీద నిలబడి ఎటో చూస్తున్నాడు. ఆయన పక్కకు జరిగాక అబ్బా నెమ్మదిగా చెప్పింది ఏమంటే, హద్దురాయి మా బండ కింద లేదు. సందులోకి దిగే మీ వంటింటి మెట్టు కింద ఉంది. కాబట్టి ఆ మెట్టు తీసి తవ్వడానికి నువ్వే ఒక రోజు చెప్పు.

బండ సంగతి మా ఆవిడ షకీలాకు చెప్పాను. ముప్ఫై రెండేళ్లుగా ఆమె దాని మీద బట్టలు ఉతుకుతోంది. "బండ తీసేటట్టయితే ముందుగాల నన్ను తీయుండ్రి" అంది. ఆమెను తీయడం నావల్ల కాదని నీకు తెలుసు.

అయినా అన్నా, తొందరేముంది. ఈ వానలు పోనీ. కరీంనగర్ ఎక్కడికీ పోదు.

ఇట్లు నీ పక్కింటి
రహీమ్.

తా.క.: మా దూది ఆదిలాబాద్ నుంచి వచ్చే మొదటి రకం. నోట్లో పెడితే కరిగిపోతుంది. మూడు ముద్దలు నమిలావంటే అది దూది కాదు. నీ సాంచాల షెడ్డులో మరమగ్గాల కింద మిగిలిన నూలు.

*

వేములవాడ,
ఆగస్టు 8.

రహీమ్ గారికి కైలాసం రాయునది.

మా బాపు ఎవరి కాలూ తొక్కలేదు. సాంచాల నడుమ నలభై ఏళ్లు పని చేసి ఒక్క నూలుపోగు కూడా పాదం కింద పడనివ్వని మనిషి. ఒకవేళ తొక్కాడే అనుకుందాం, మీ నాన్నగారికి కాలుకు చెప్పు ఉంది. నొప్పి పుట్టే అవకాశం లేదు. చెప్పు ఉన్న సంగతి నాకెట్లా తెలుసంటారా, చెబుతాను.

మీ ఉత్తరం చదివాక విచారణ చేయాలనిపించింది. ఆ మధ్యాహ్నం పెరుగన్నం రెండింతలు తిని, నీళ్లచెంబు పక్కన పెట్టుకొని, విచారణ కోసం పడుకున్నాను. వాళ్లిద్దరూ ఉన్నారు. సందులో ఒక మంచం వేసుకొని కూర్చున్నారు, మీ నాన్నగారు కాళ్లకు చెప్పులు కూడా విడవలేదు. చుట్టూ వాన పడుతోంది కానీ మంచం మీద పడటం లేదు. ఒకే కప్పులో చాయ్, ఒకరు సాసరులో పోసుకుంటే ఒకరు కప్పుతో తాగుతున్నారు. సందు ఎంత పొడుగ్గా ఉందంటే అటు చివర గుడి గోపురం చిన్న దీపంలా కనిపించింది. నేను వంటింటి మెట్టు మీద నిలబడి ఎంత పిలిచినా నా గొంతు నాకే వినపడలేదు. వాళ్లు మాత్రం ఏదో గట్టిగా వాదించుకుంటున్నారు. మాటలు వినబడే లోపల మీ దూది ఏకే యంత్రం మొదలైంది. కల మొత్తం గడగడమని కదిలి, మంచం కదిలి, చాయ్ ఒలికి, నేను లేచి కూర్చున్నాను.

మీ యంత్రం వల్ల నాకు దొరకాల్సిన సాక్ష్యం పోయింది. విచారణ ముగిసేదాకా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు దానిని ఆపి ఉంచాలని కోరుతున్నాను. అలాగే ఆ మంచం ఎవరిదో కూడా స్పష్టం చేయగలరు.

ఇట్లు,
కైలాసం.

తా.క.: కొనే మనిషి నిన్న వచ్చి సందు చూసుకొని పోయాడు. బట్టలు ఆరేసే తీగను చూపించి "గిది ఎవరిది" అని అడిగాడు. తీగ మీది. దాని మీద ఉన్న తువ్వాల నాది. అందుకని ఊరుకున్నాను.

*

వేములవాడ,
ఆగస్టు 11.

కైలాసమన్నకు రహీమ్ సలాం.

నువ్వు చెప్పినట్టే మూడు రోజులుగా రెండింటి నుంచి నాలుగింటి దాకా యంత్రం ఆపాను. లాడ్జి వాళ్ల దిండ్లు అన్నీ ఆగిపోయాయి. శ్రావణమాసం రద్దీలో భక్తులు చేతులు తలకింద పెట్టుకొని పడుకుంటున్నారు. ఆ పుణ్యం నీ ఖాతాలో రాసుకో.

మంచం మాది. నవారు మంచం, మా అబ్బా స్వయంగా అల్లింది. నువ్వు చూసింది నులక మంచమైతే అది వేరే కల, దానితో నాకు సంబంధం లేదు.

వాళ్లేం వాదించుకుంటున్నారో నేను విన్నాను. యంత్రం పక్కనే బతికే చెవులు కదా నావి. నిన్న పగలు వచ్చారు. సందులో అదే వాన, అదే చాయ్. అబ్బా అంటున్నాడు: "బాలమల్లూ, గీ సందు నీదే. నా మాట ఇని తీస్కో." మీ బాపు తల అడ్డంగా ఊపుతున్నాడు: "నాది కాదు హుస్సేన్ సాబ్. నీదే. నేను ముట్ట." అబ్బా లేచి సందును చాప చుట్టినట్టు చుట్టి మీ బాపు ఒళ్లో పెట్టాడు. మీ బాపు దానిని తీసి అబ్బా ఒళ్లో పెట్టాడు. ఇద్దరూ చెమటలు పట్టేదాకా ఇదే పని. తీసుకో అంటే తీసుకో. వీళ్ల కొట్లాట మన కొట్లాటలా ఎందుకు లేదో నాకేమీ తోచలేదు.

నీకు యాదికుందా అన్నా, ఈ పంచాయితీకి ముందు మనకు సందే లేదు. రెండిండ్లకూ కలిపి ఒకటే మట్టిగోడ. పెద్ద వానలకు అది కూలినప్పుడు నువ్వు భీవండిలో సాంచాల పనికి పోయి ఉన్నావు, నేను ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో ఉన్నాను. మనం తిరిగి వచ్చేసరికి రెండు గోడలు లేచి ఉన్నాయి, నడుమ సందు ఉంది, పంచాయితీ నడుస్తోంది. పెద్దోళ్లిద్దరూ రెండేళ్ల తేడాలో పోయారు. అసలు పంచాయితీ ఏమిటని నేను ఎన్నడూ అడగలేదు. నువ్వు అడిగావా?

ఇట్లు నీ పక్కింటి
రహీమ్.

తా.క.: యంత్రం ఆగితే అసలు నిద్రే పడతలేదని శంకరవ్వతో అన్నావట. సాంచాల చప్పుడులో ముసలైన మనిషివి, నిశ్శబ్దంలో ఎట్లా పడుతుంది. మళ్లీ నడిపించమని రాసి ఇస్తే నడిపిస్తాను. నోటిమాట చెల్లదు.

*

వేములవాడ,
ఆగస్టు 14.

రహీమ్‌కు కైలాసం రాయునది.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మా బాపు ఒకరు జాలి పడి "తీస్కో" అంటే చెయ్యి చాచే మనిషిలా కనిపించాడా నీకు? కలలో అయినా సరే ఇట్లాంటి మాట రాయడానికి ఒక హద్దు ఉంటుంది. మీ నాన్న ఇస్తానంటే మా బాపు వద్దన్నాడని రాశావు. అంటే ఆ జాగా మీదే అయినట్టు కదా. ఎంత నున్నగా చుట్టి తెచ్చావు.

ఇంకొక సంగతి. నిన్న పొద్దున టేపు పట్టుకున్న మనిషి ఒకడు మీ గోడ పొడుగునా కొలతలు తీసుకోవడం నేను కిటికీలోంచి కళ్లారా చూశాను. నువ్వు వెనక నిలబడి వేలితో చూపిస్తున్నావు. నాకు కలల కథలు చెబుతూ అవతల ఆ అద్దెగదుల మనిషితో బేరం మాట్లాడుకుంటున్నావని అర్థమైంది. రేపు సెలవు. ఎల్లుండి మండల సర్వేయర్‌కు దరఖాస్తు పెడతాను. పాత కాగితాల కోసం బాపు ట్రంకుపెట్టె కిందికి దించుతున్నాను. నర్మద ఉండగా దానిని ఆమే తుడిచి, ఆమే సర్ది పెట్టేది. తాళం ఎక్కడ పెట్టిందో వెతకాలి.

ఇట్లు,
కైలాసం.

తా.క.: యంత్రం నడిపించుకో. నా నిద్ర కోసం కాదు. భక్తులకు దిండ్లు లేకపోతే ఊరికి చెడ్డపేరు.

*

వేములవాడ,
ఆగస్టు 16.

కైలాసమన్నకు రహీమ్ సలాం.

నువ్వు అని రాశావు. నీ, నీకు, నువ్వు, మూడు చోట్ల ఉంది. షకీలాకు వేలు పెట్టి చూపించాను. పెళ్లికార్డు వచ్చినంత సంతోషపడింది.

టేపు మనిషి సర్వేయర్ కాదు, దర్జీ. కొలిచింది జాగాను కాదు, మా కిటికీని. నీ కిటికీకి మా కిటికీ ఎదురెదురు కదా. నర్మద వదిన పోయిన రోజు నుంచి నీ కిటికీ మూసే ఉంది. ఎనిమిది నెలలు మాకు పరదా అవసరం పడలేదు. ఈ నెల మొదట్లో నువ్వు తలుపులు తెరిచావు. "అన్న కిటికీ తెరిచిండు, ఇగ మనం పద్ధతిగ ఉండాలె" అని షకీలా పరదా కుట్టించమంది. నీలం రంగు, తెల్లపూలు. నచ్చకపోతే చెప్పు, రోజూ చూసేది నువ్వే.

మీ బాపును నేను తక్కువ చేయలేదు. కలలో ఇద్దరూ సమానంగానే చెమటలు కక్కారు. నీ మనసు నొచ్చుకుంటే మాత్రం మాఫీ అడుగుతున్నాను. సర్వేయర్ దగ్గరికి పొమ్మంటావా, వస్తాను. ఇద్దరం ఒకే ఆటోలో పోవచ్చు. మాట్లాడకుండా కూర్చుంటే తీర్మానం తప్పినట్టు కాదు.

ఇట్లు,
రహీమ్.

తా.క.: కిటికీలోంచి కళ్లారా చూశానని రాశావు. అందుకే పరదా.

*

వేములవాడ,
ఆగస్టు 26.

తమ్ముడు రహీమ్‌కు కైలాసం దీవించి రాయునది.

ఇది నెమ్మదిగా, కూర్చొని చదువు. షకీలాను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

తాళం దొరకలేదు. పెట్టె వెనక మేకులు ఊడదీసి తెరిచాను. నర్మద చీరెల కింద, కలరా ఉండల వాసన మధ్య, మా బాపు రాసుకున్న ఒక అర్జీ దొరికింది. గోడ కూలిన ఏడాది సర్పంచుకు పెట్టుకున్నది. ఉన్నది ఉన్నట్టు కింద ఎత్తి రాస్తున్నాను:

"అయ్యా, నా పొరుగున నివసించు హుస్సేన్ సాబ్ అనునతడు కూలిన గోడను తిరిగి కట్టునపుడు నా స్థలములోనికి వచ్చునేమోనని భయపడి తన స్థలములో మూరన్నర వదిలి కట్టినాడు. నేనును అదే విధముగా అతని కొరకు మూరన్నర వదిలి కట్టినాను. ఇప్పుడు మధ్య మూడు మూరలు మిగిలినది. నేను ఎన్ని విధముల చెప్పినను అతడు దానిని తీసుకొనుట లేదు. పైపెచ్చు నీవే తీసుకొమ్మని వీధిలో అందరి ముందు నన్ను బలవంతపెట్టుచున్నాడు. ఈ వేధింపు భరించలేకున్నాను. కావున తమరు దయతో విచారించి, అతని స్థలము అతడే తీసుకొనునట్లు ఉత్తర్వు ఇప్పించవలెనని ప్రార్థన."

రహీమ్, చదవడం అయ్యాక నేను ట్రంకుపెట్టె మీద కూర్చొని నవ్వాను. ఎంతసేపు నవ్వానో తెలియదు. శంకరవ్వ పాలు పోయడానికి వచ్చి నన్ను చూసి, "ఏమైంది కైలాసం, మంచిగున్నవా" అని భయపడింది. నవ్వుతూ ఉండగానే ఏడుపు కూడా వచ్చింది. ఏది ఎక్కడ ఆగిందో నాకే తెలియలేదు. నర్మద పోయినప్పుడు రాని కన్నీళ్లు అవి.

వాళ్లు ఇస్తామని కొట్లాడుకున్నారు. మనం ఊరికి తిరిగివచ్చి, పంచాయితీ ఉంది అన్న మాట విని, తీసుకోవడానికే అయి ఉంటుందని కొట్లాడుకున్నాం. నీ కలలో విన్నది అక్షరాలా నిజం. నిన్ను అనుమానించినందుకు నన్ను క్షమించు.

అద్దెగదుల మనిషి మొన్న వచ్చాడు. సందు ఎవరిదని అడిగితే "రహీమ్‌ది" అన్నాను. ఆ తర్వాత నీ దుకాణానికి వచ్చాడు కదా, నువ్వు "కైలాసమన్నది" అన్నావట. మళ్లీ నా దగ్గరికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా నిలబడి, "నాది నాదని కొట్లాడేటోళ్లను సూసిన గని, నీది నీదని కొట్లాడేటోళ్లను సూడలే. గీ ఇండ్లు నాకద్దు" అని వెళ్లిపోయాడు. సాగర్‌కు ఫోన్ చేసి, పంచాయితీ ఇప్పట్లో తెగేటట్టు లేదు బిడ్డా, ఆదివారాలు నువ్వే వస్తుండు అని చెప్పాను.

ఇక మన ఒడంబడిక. సందు ఎవరిదీ కాదు. నీ బండ, నా మెట్టు ఎక్కడివి అక్కడే ఉంటాయి. మిగిలిన జాగాలో ఒక మంచం పడుతుంది. బేసి తేదీల్లో మధ్యాహ్నం నేను పడుకుంటాను, సరి తేదీల్లో నువ్వు పడుకో. మంచం నీదే వేయి, నవారుదే. నీకు సమ్మతమైతే రేపే అమలు చేద్దాం.

ఇట్లు నీ అన్న
కైలాసం.

తా.క.: సందు మీద రేకు వేస్తే వాన నీళ్లు ఎవరి ఇంటి వైపు పడాలన్న ప్రశ్న ఒకటి ఉంది. దీని గురించి మాత్రం నేను బాపును అడగదల్చుకోలేదు.

*

వేములవాడ,
సెప్టెంబర్ 1.

కైలాసమన్నకు, తమ్ముడు రహీమ్ సలాం.

మంచం వేసిన ఈ ఐదు రోజులూ ఒడంబడిక బాగానే నడిచింది. కానీ ఒక మోసం బయటపడింది. నిన్న ముప్ఫై ఒకటి, ఈరోజు ఒకటి. రెండూ బేసి, రెండూ నీవే. లెక్క చూస్తే ఏడాదికి ఏడుసార్లు నువ్వు వరసగా రెండు మధ్యాహ్నాలు పడుకుంటావు. తెలిసి రాశావో తెలియక రాశావో, మాట్లాడుకోవాలి.

అయితే ఈ ఉత్తరం దాని కోసం కాదు. నీకు ఒకటి చెప్పాలి. నాలుగు రోజులుగా రాస్తూ చింపేస్తున్నాను.

అన్నా, నాకు కలలు రావు. పుట్టిన నాటి నుంచి ఒక్కటి కూడా రాలేదు. పరుపు మీద ఒరిగితే దూది మూటలా పడి ఉంటాను, లేపితే లేస్తాను. ఆ రెంటికీ నడుమ నాకేమీ ఉండదు.

నర్మద వదిన పోయాక ఎనిమిది నెలలు నీ ఇంట్లోంచి చప్పుడు లేదు. శంకరవ్వను అడిగితే, "పాలు పోస్తున్న, విరుగుతున్నయ్, పారబోస్తుండు" అనేది. వచ్చి పలకరిద్దామంటే మనకు మాటలు లేవు. ఉత్తరం రాద్దామంటే ఏమని రాయను? పందొమ్మిదేళ్లలో నీకు కొట్లాట తప్ప ఇంకేదీ రాయడం నేర్చుకోలేదు. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నేను చదువుతుంటే షకీలా కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అన్న కొట్లాటకొచ్చిండు. మనిషి లేచిండు. గా తాడు ఇడువకుండ్రి, మీరు గూడ ఒక కల రాయుండ్రి" అంది. ఆ రోజు నుంచి నీకు రాసిన కలలన్నీ మేమిద్దరం వంటింట్లో కూర్చొని అల్లినవి. కాలు తొక్కింది నా ఆలోచన. మంచం నవారుదన్న మాట షకీలాది. సందును చాపలా చుట్టడం కూడా ఆమెదే, అప్పుడు చాప చుడుతూ ఉంది.

"నీదే తీస్కో" అన్న మాట మాత్రం నేను కావాలని రాశాను. పంచాయితీ ఎంత గజిబిజి అయితే అంత సాగుతుంది, సాగినన్నాళ్లు నువ్వు ఇల్లు అమ్మలేవని. అది పచ్చి అబద్ధం.

మరి నలభై ఏళ్ల కింద మీ బాపు రాసిన అర్జీలో అదే మాట ఎట్లా ఉందన్నా? ఆ కాగితం ఉన్నట్టే నాకు తెలియదు. మా అబ్బా ఒక్కనాడు కూడా నాతో ఆ సంగతి ఎత్తలేదు. నీ ఉత్తరం విన్నాక షకీలా కూర కోస్తున్న కత్తి పక్కన పెట్టింది. "గా మాట మీకు ఎవ్వరు చెప్పిండ్రు" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. కలం పట్టుకుంటే వచ్చింది. రాస్తున్నప్పుడు దుకాణంలో యంత్రం ఆగి ఉంది, సందులో వాన పడుతోంది, అంతే యాదికుంది.

దీనికి జవాబు ఏమిటో నాకు తెలియదు. నీకు తెలిస్తే కాగితం మీద వద్దు. ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ తలుపు కింద తోశాను. వానకు మంచం తడిసింది కాబట్టి నువ్వు ఇంట్లోనే ఉంటావని తెలుసు. నువ్వు ఇది చదువుతున్నంతసేపు నేను బయట గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. మన పంచాయితీ చెప్పిన పెద్దమనుషుల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు. కొత్తగా తీర్మానం చేసేవాళ్లు మనమే.

తలుపు తీయి.

నీ
రహీమ్.

తా.క.: అన్నా, జర జల్దీ చదువు. గొడుగు షకీలా పట్టుకుపోయింది.